బ్రేకు తొక్కి ఉంచితే పెడల్ మెల్లగా దిగిపోతోంది, ఆయిల్ మాత్రం తగ్గడం లేదు: లోపం ఎక్కడ?

మీ ప్రశ్న ఇదీ: 2003 మోడల్ మారుతి జెన్. సిగ్నల్ దగ్గర ఆగి బ్రేకు మీద కాలు ఉంచితే పెడల్ నెమ్మదిగా కిందికి దిగుతోంది. వదిలి మళ్ళీ తొక్కితే పైనే దొరుకుతుంది, కాసేపటికి మళ్ళీ దిగుతుంది. బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం తగ్గలేదు. మెకానిక్ రెండుసార్లు ఎయిర్ తీశాడు, వెనక లైనర్లు (బ్రేకు షూలు) మార్చాడు, అయినా తేడా లేదు. మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాల వైపు నెట్టే భాగం) మొత్తం మార్చాలా, వాషర్ కిట్ (దాని లోపలి రబ్బర్ల సెట్టు) వేస్తే సరిపోతుందా, బండిని షెడ్డుకు ఎలా తీసుకెళ్ళాలి అని అడిగారు.

సూటిగా చెబుతాను. మీరు రాసిన లక్షణాలన్నీ మాస్టర్ సిలిండర్ వైపే చూపిస్తున్నాయి. లోపల ఉండే రబ్బరు కప్పు ఒత్తిడిని ఆపలేక ఆయిల్‌ను వెనక్కి వదిలేస్తోంది. సిలిండర్ మొత్తం మార్చండి, కిట్ వద్దు. కాకపోతే డబ్బు పెట్టే ముందు అరగంటలో తేలే పరీక్షలు కొన్ని ఉన్నాయి, వాటితో ఖాయం చేసుకోండి. అది తేలేదాకా బండి రోడ్డెక్కించకండి. ఈ లోపం ఇవాళ్టిలాగే రేపూ ఉంటుందని చెప్పలేం. కప్పు అంచు చిరిగిందంటే, అంతవరకు మెల్లగా దిగిన పెడల్ ఒక్క తొక్కుకే సగం దాకా పోతుంది.

ఎయిర్ తీస్తే ఎందుకు తగ్గలేదు

బ్రేకు ఫిర్యాదుతో ఏ బండి వచ్చినా ముందు ఎయిర్ తీయడం మన షెడ్లలో అలవాటు. మీ కేసులో అది ఎందుకు పనిచేయలేదో అర్థమైతే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

ఆయిల్ నొక్కితే కుదించుకుపోదు. అది ఎటూ పోలేని స్థితిలో ఉంటే, కాలు ఎంతసేపు ఉంచినా పెడల్ ఒకేచోట నిలబడాలి. కాలి ఒత్తిడి మారకుండా పెడల్ కదులుతూనే ఉందంటే ఆయిల్ ఎటో పోతోందని అర్థం. పైపుల్లో గాలి ఉంటే ఇలా జరగదు. గాలి నలిగినంత నలిగి ఆగిపోతుంది, దానితోపాటు పెడల్ కూడా ఆగుతుంది. మెత్తగా, స్పాంజిలా తగులుతుంది, రెండు మూడుసార్లు కొడితే కాస్త గట్టిపడుతుంది, అంతేగాని దిగుతూ పోదు. వెనక షూలకీ డ్రమ్ముకీ మధ్య సందు ఎక్కువైనా అంతే: తొక్కు లోతుగా పోతుంది, అక్కడ గట్టిగా ఆగుతుంది. పాత రబ్బరు హోస్ ఉబ్బితే అది కూడా ఉబ్బినంత ఉబ్బి ఆగుతుంది.

కాబట్టి మెకానిక్‌తో మాట్లాడేటప్పుడు "బ్రేకు సరిగా లేదు" అనకండి. "కాలు కదపకుండా ఉంచితే దిగుతూనే ఉంది" అని చెప్పండి. ఈ ఒక్క మాటతో వెతకాల్సిన చోట్లు సగానికి సగం తగ్గిపోతాయి. ఆయిల్ పోవడానికి రెండే దారులు మిగులుతాయి: ఎక్కడో బయటికి కారడం, లేదా మాస్టర్ సిలిండర్ లోపలే కప్పు దాటి వెనక్కి పోవడం. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) ఉన్న బండిలో మూడో దారి కూడా ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను.

సిలిండర్ లోపల జరిగేది

మీ బండిలో ఉన్నది టాండెమ్ మాస్టర్ సిలిండర్. ఒకే బోర్‌లో (సిలిండర్ లోపలి గొట్టంలో) ఒకదాని ముందు ఒకటి రెండు పిస్టన్లు, చక్రాలకు ఆయిల్ వెళ్ళే రెండు వేర్వేరు సర్క్యూట్లు. ప్రతి పిస్టన్ ముందు ఒక రబ్బరు కప్పు ఉంటుంది. పెడల్ తొక్కగానే కప్పు కాస్త ముందుకు జరిగి, డబ్బా నుంచి వచ్చే సన్నటి రంధ్రాన్ని దాటుతుంది. ఆ క్షణం నుంచి ముందున్న ఆయిల్‌కు వెనక్కి పోయే దారి ఉండదు, చక్రాల వైపు ఒత్తిడి మొదలవుతుంది.

కప్పు అంచు పల్చగా, గొడుగులా బయటికి విచ్చుకుని ఉంటుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ ఆయిలే ఆ అంచును బోర్ గోడకు అదుముతుంది. దీనివల్ల ఒక వింత లక్షణం కనిపిస్తుంది, చాలామంది మోసపోయేది ఇక్కడే. అంచు కొద్దిగా అరిగిన కప్పు గట్టిగా తొక్కితే ఆపుతుంది, మెల్లగా తొక్కితే వదిలేస్తుంది. మెకానిక్ సీట్లో కూర్చుని ఒకసారి గట్టిగా కొట్టి చూస్తాడు, పెడల్ రాయిలా నిలబడుతుంది, "బాగానే ఉంది సార్" అంటాడు. మీరు సిగ్నల్ దగ్గర కాలు తేలిగ్గా ఆనించినప్పుడు మాత్రం దిగుతుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఇంజన్ బాగా వేడెక్కాక దిగడం ఎక్కువవడం కూడా ఈ లోపంలో మామూలే. ఆయిల్ పల్చబడుతుంది, రబ్బరు మెత్తబడుతుంది.

దాటిన ఆయిల్ తిరిగి డబ్బాలోకే చేరుతుంది. మీకు మట్టం తగ్గకపోవడానికి కారణం అదే.

పరీక్షలు ఈ వరసలో చేయండి

మొదటిది బూస్టర్ (ఇంజన్ వాక్యూమ్‌తో మీ తొక్కుకు బలం కలిపే భాగం) ప్రభావాన్ని పక్కన పెట్టడం. ఇంజన్ ఆపి పెడల్‌ను ఐదారుసార్లు పూర్తిగా తొక్కి వదలండి. లోపలి వాక్యూమ్ అయిపోయి పెడల్ గట్టిపడుతుంది. ఇప్పుడు ఒక స్టీలు స్కేలు పెడల్ పక్కన నిలబెట్టి, మామూలుగా ఆగేటప్పుడు వేసేంత బలంతో తొక్కి, ఒక నిమిషం అలాగే ఉంచండి. పెడల్ ఎత్తు మొదట్లో ఎంత, చివర్లో ఎంత అని చూడండి. తర్వాత కాలు వదిలి, ఈసారి వేళ్ళ బలంతో తొక్కినంత తేలిగ్గా తొక్కి ఇంకో నిమిషం ఉంచండి. ఈ రెండో పరీక్షను ఎవరూ చేయరు, మీ లాంటి కేసులో అసలు విషయం బయటపడేది ఇందులోనే.

తర్వాత పెడల్ మీద కాలు ఉంచే ఇంజన్ స్టార్ట్ చేయండి. ఆ క్షణంలో పెడల్ ఒక అంగుళం లోపు కిందికి జారి ఆగుతుంది. అది లోపం కాదు, బూస్టర్ పనిచేస్తోందనడానికి గుర్తు. "స్టార్ట్ చేయగానే పెడల్ దిగుతోంది" అని బాగున్న సిలిండర్‌ను మార్పించుకునేవాళ్ళు ఉన్నారు. ఒకసారి జారి ఆగితే మంచిది, జారాక కూడా దిగుతూనే ఉంటే అది లీకు. ఇంజన్ నడుస్తుండగా శరీరం బరువంతా వేసి తొక్కితే, బూస్టర్ బలం కూడా తోడై, బాగున్న బండిలో కూడా హోసులూ కాలిపర్లూ (ముందు చక్రాల డిస్కును పట్టే భాగాలు) కాస్త సాగి పెడల్ కొద్దిగా లొంగుతుంది. అందుకే ఇంజన్ ఆపి చేసిన పరీక్షకే ఎక్కువ విలువ ఇవ్వండి.

రెండోది బయటి కారుడు. మట్టం తగ్గలేదు అన్నారు, కానీ సర్వీసులో ఎవరైనా పోసి ఉంటే మీకు తెలియదు. డబ్బా మీద మట్టం దగ్గర ఒక టేపు ముక్క అంటించి, అక్కడి నుంచి లెక్క చూడండి. తర్వాత నాలుగు చక్రాలూ ఒక్కొక్కటే ఎత్తి లోపలి వైపు చూడండి. వెనక డ్రమ్ములు ఊడదీసి, వీల్ సిలిండర్ (షూలను డ్రమ్ము వైపు నెట్టే చిన్న సిలిండర్) రెండు చివర్లా ఉండే రబ్బరు తొడుగును స్క్రూడ్రైవర్ మొనతో కొద్దిగా ఎత్తండి. లోపల కాస్త చెమ్మ ఉండొచ్చు. చుక్క జారితే, లేదా బురదలా తడిసిన లైనర్ దుమ్ము పేరుకుని ఉంటే, వీల్ సిలిండర్ పోయినట్టే. షూలు మార్చినప్పుడు ఇది చూశారో లేదో మెకానిక్‌ను అడగండి. కొత్త షూలు మందంగా ఉంటాయి కాబట్టి పిస్టన్లు లోపలికి నెట్టబడతాయి. అలా నెట్టినప్పుడు రబ్బరు తుప్పు పట్టిన చోటికి జరిగి, అంతవరకు కారని సిలిండర్ అప్పుడు కారడం మొదలుపెట్టవచ్చు. లైనర్ ఒకసారి ఆయిల్‌తో తడిస్తే దాన్ని కడిగి వాడకండి, రెండు వైపులా మార్చాల్సిందే.

ముందు కాలిపర్లు, హోస్ చివర్లు, బండి కింద వెనక్కి వెళ్ళే స్టీలు పైపులు, ముఖ్యంగా క్లిప్పులు పట్టుకున్న చోట్లు చూడండి. విశాఖ, కాకినాడ వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో తిరిగిన బండి అయితే క్లిప్పు విప్పి దాని కింద చూడండి. పైపు బయటికి బాగా కనిపిస్తూ క్లిప్పు కింద తుప్పు తినేసి ఉంటుంది. కనిపించిన తడి బ్రేక్ ఆయిలా, గ్రీజు కరిగిందా అని అనుమానం వస్తే, గుడ్డకు అద్ది నీళ్ళలో ముంచండి. బ్రేక్ ఆయిల్ నీళ్ళలో కలిసిపోతుంది. గ్రీజు, గేర్ ఆయిల్ కలవవు, పైన తేలతాయి.

బయటికి కనిపించని కారుడు ఒకటుంది: మాస్టర్ సిలిండర్ వెనక సీలు పోయి ఆయిల్ బూస్టర్‌లోకి పోవడం. నేల మీద చుక్క పడదు, మట్టం మాత్రం తగ్గుతుంది. బూస్టర్‌లోంచి వాక్యూమ్ దారిన ఇంజన్‌లోకి పోతే సైలెన్సర్‌లో తెల్లపొగ కూడా వస్తుంది. సిలిండర్‌ను బూస్టర్‌కు బిగించిన రెండు నట్లు విప్పి, పైపులు ఊడదీయకుండా, అవి వంగిపోకుండా సిలిండర్‌ను ఒక అంగుళం ముందుకు లాగి వేలు పెట్టి చూడండి. తడి ఉంటే సిలిండర్ పోయింది. ఎక్కువకాలం తడిస్తే బూస్టర్ లోపలి రబ్బరు పొర కూడా పాడవుతుంది. బూస్టర్ లేని పాత బండ్లలో ఇదే ఆయిల్ పెడల్ కడ్డీ వెంట కారి కాళ్ళ దగ్గర కార్పెట్ మీద పడుతుంది. పెయింటు పొరలు పొరలుగా లేచి ఉంటుంది.

మూడోది డబ్బా మూత తీసి చూడటం. ఒకరు పెడల్ మెల్లగా తొక్కి పట్టుకోవాలి, మీరు టార్చి వేసి డబ్బాలోకి చూడాలి. కళ్ళద్దాలు పెట్టుకోండి, పెడల్ ఒక్కసారిగా వదిలితే ఆయిల్ పైకి చిమ్ముతుంది. తొక్కడం మొదలుపెట్టిన క్షణంలో ఆయిల్ కాస్త కదలడం సహజం, కప్పు ఇంకా రంధ్రాన్ని దాటలేదు కాబట్టి. వదిలినప్పుడు కదలడం కూడా సహజమే. పెడల్ పట్టి ఉంచి, అది దిగుతున్న సేపంతా డబ్బా అడుగున సుడిలాగా ఆయిల్ ఊరుతుంటే కప్పు వదిలేస్తున్నట్టు లెక్క. డబ్బా మధ్యలో అడ్డుగోడ ఉన్న రకమైతే ఇంకో సూచన కూడా దొరుకుతుంది. కొన్ని రోజుల్లో ఒక అరలో మట్టం పెరిగి, పక్క అరలో తగ్గుతుంటే, రెండు సర్క్యూట్ల మధ్య ఉండే సీలు పోయి ఆయిల్ ఒక వైపు నుంచి ఇంకో వైపుకు చేరుతోందని అర్థం. మొత్తం మీద ఆయిల్ తగ్గదు, కానీ ఒక సర్క్యూట్ మెల్లగా ఖాళీ అవుతుంది.

సుడి కనిపించలేదంటే సిలిండర్ మంచిదని కాదు. చాలా సన్నగా వదిలేటప్పుడు కంటికి ఏమీ తెలియదు. అందుకే నాలుగో పరీక్ష.

ప్లగ్గుల పరీక్ష

తీర్పు చెప్పేది ఇదే. మాస్టర్ సిలిండర్ నుంచి బయటికి వెళ్ళే పైపులన్నీ ఊడదీసి, ఆ రంధ్రాలకు ప్లగ్గులు బిగించాలి. జపాన్ డిజైన్ బండ్లలో ఎక్కువగా 10 మి.మీ. సన్న త్రెడ్ (పిచ్ 1 మి.మీ.) ఉంటుంది. అయినా మీ పైపు నట్టును పట్టుకెళ్ళి సరిపోయే ప్లగ్గే తీసుకోండి. బలవంతంగా తిప్పితే అల్యూమినియం మర చెడిపోతుంది. మామూలు బోల్టు పనికిరాదు. లోపల కూర్చునే కోణం సరిపోకపోతే అక్కడే కారుతుంది, మీరు సిలిండర్‌ను తప్పుబడతారు. పాత పైపు ముక్క ఉంటే దాని నట్టునూ చివరనూ ఉంచి, మిగతాది కోసి, మడిచి వెల్డు చేయించుకున్న ప్లగ్గు అన్నిటికన్నా బాగా కూర్చుంటుంది.

పైపు నట్లు విప్పడానికి మామూలు పానా వాడకండి. మూలలు గుండ్రంగా అయిపోతాయి. 10 నంబరు ఫ్లేర్ నట్ పానా కొనండి. అది రింగు పానాలా ఐదు వైపులా పట్టుకుంటుంది, పైపు దూరడానికి ఒక సందు ఉంటుంది. కింద పాత గుడ్డలు పరవండి. బ్రేక్ ఆయిల్ పడిన చోట వెంటనే నీళ్ళు పోయాలి, లేకపోతే పెయింటు ఊడుతుంది.

ప్లగ్గులు బిగించాక లోపల చిక్కుకున్న గాలి పోయేలా పెడల్‌ను చిన్న చిన్న తొక్కులతో ఆడించి, ఒక్కో ప్లగ్గూ కాస్త వదులు చేసి బిగించండి. తర్వాత తొక్కి పట్టుకోండి. పెడల్ పైనే, కొద్ది కదలికతో రాయిలా ఆగి, నిమిషం పాటు కదలకపోతే సిలిండర్ మంచిది. లోపం పైపుల్లోనో చక్రాల్లోనో ఉంది. ప్లగ్గులు బయటికి కారకుండానే పెడల్ దిగితే ఇక అనుమానం లేదు, ఆయిల్ వెళ్ళడానికి ఇంకో దారి లేదు కాబట్టి. మెత్తగా తగిలితే గాలి ఇంకా ఉంది, మళ్ళీ తీసి చూడండి.

సిలిండర్ మంచిదని తేలితే ఒక్కో సర్క్యూట్ తిరిగి కలుపుతూ ఎక్కడ దిగడం మొదలవుతుందో చూడాలి. అన్ని చక్రాల హోసులకూ క్లాంపులు వేసి ఒక్కొక్కటే విప్పడం ఇంకో పద్ధతి. క్లాంపు కోరలు నున్నగా, గుండ్రంగా ఉండాలి. పళ్ళున్న కట్టింగ్ ప్లయర్‌తో నొక్కితే హోస్ లోపలి పొర చిట్లుతుంది, అది బయటికి కనిపించదు. 20 ఏళ్ళ హోసుల మీద ఈ పద్ధతి వాడకపోవడమే మేలు. అసలు అంత పాతవాటిని మార్చేయడమే మంచిది.

ఏబీఎస్ ఉన్న బండి వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే: మాస్టర్ సిలిండర్ ప్లగ్గులతో నిలబడి, ఏబీఎస్ యూనిట్ కలపగానే దిగుతుంటే, బయటికి ఎక్కడా కారకపోతే, యూనిట్ లోపలి వాల్వు సరిగా మూసుకోవడం లేదేమో చూడాలి. చెత్త ఇరుక్కుంటే అలా జరుగుతుంది. కానీ ఇది అరుదు. మీ జెన్‌కు ఈ బాధ లేదు.

కిట్టా, సిలిండరా

కప్పులు అరగడానికి కారణం చాలావరకు బోర్‌లోనే ఉంటుంది. గ్లైకాల్‌తో చేసిన బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఏళ్ళ తరబడి మార్చకపోతే ఆ తేమ బోర్‌ను తింటుంది. రోజూ కప్పు తిరిగే మొదటి సగం నున్నగా ఉంటుంది, కప్పు ఎప్పుడూ వెళ్ళని చివరి సగంలో గుంటలు, గార పేరుకుంటాయి. ఎయిర్ తీసేటప్పుడు పెడల్‌ను నేలదాకా తొక్కితే కప్పు మొదటిసారి ఆ గరుకు చోటికి వెళ్ళి అంచు చీరుకుంటుంది. "బ్రేకు పని చేయించాకే పెడల్ దిగడం మొదలైంది" అని చాలామంది అనేది ఇందుకే. మీ విషయంలో కూడా ఎయిర్ తీశాక దిగడం ఎక్కువైందేమో గుర్తు చేసుకోండి.

అలాంటి బోర్‌లో కొత్త కప్పులు వేస్తే కొన్నాళ్ళు బాగుంటుంది, మళ్ళీ మొదటికొస్తుంది. పోత ఇనుము సిలిండర్లు ఉన్న పాత బండ్లలో బోర్‌ను హోన్ చేసి (లోపల రాపిడి పట్టి నున్నగా చేసి) కిట్ వేసేవారు. అల్యూమినియం బోర్‌కు గట్టిపరిచిన పల్చటి పైపొర ఉంటుంది, హోన్ చేస్తే అది పోయి ఇంకా త్వరగా అరుగుతుంది. ఎమరీ కాగితం పెట్టి రుద్దడం అయితే అస్సలు ఒప్పుకోకండి. కిట్ వేయదగ్గ సందర్భం ఒకటే: బండి అరుదైనది, సిలిండర్ దొరకదు, విప్పి వెలుతురులో చూస్తే బోర్ అద్దంలా ఉంది, గోరు ఎక్కడా తట్టుకోవడం లేదు. జెన్‌కు సిలిండర్లు ఇంకా మార్కెట్లో దొరుకుతున్నాయి కాబట్టి మీకు ఆ అవసరం లేదు. కంపెనీ పార్టుగానీ, పేరున్న బ్రేకు తయారీదారుదిగానీ బిల్లుతో కొనండి. పెట్టె మీద పేరు చూసి మోసపోకండి. రంధ్రాలకు ప్లాస్టిక్ మూతలు, లోపల నూనె పూత, శుభ్రమైన త్రెడ్లు ఉన్నాయో చూడండి. పాతదాన్ని పక్కన పెట్టి పైపు రంధ్రాల స్థానం, బోర్ సైజు పోల్చుకోండి. బోర్ పెద్దదైతే పెడల్ పైనే ఆగుతుంది కానీ బలంగా తొక్కాలి. చిన్నదైతే తేలికగా ఉంటుంది కానీ లోతుగా పోతుంది.

బిగించేటప్పుడు

కొత్త సిలిండర్‌ను నేరుగా బండికి ఎక్కించకండి. ముందు వైస్‌లో, అడ్డంగా, మట్టంగా పట్టించి, రంధ్రాలకు చిన్న పైపులు పెట్టి, వాటి కొసలు డబ్బాలోని ఆయిల్‌లో మునిగేలా వంచండి. మొద్దు మొన ఉన్న కడ్డీతో పిస్టన్‌ను మెల్లగా నెట్టి వదులుతూ బుడగలు ఆగేదాకా చేయండి. ఈ పని మానేస్తే సిలిండర్ లోపల చిక్కిన గాలి చక్రాల దగ్గర ఎంత తీసినా రాదు, పెడల్ మెత్తగానే ఉంటుంది, కొత్త సిలిండర్ చెడ్డదనుకుంటారు.

బూస్టర్ కడ్డీకీ పిస్టన్‌కూ మధ్య సన్నటి సందు ఉండాలి. పాత సిలిండర్ పిస్టన్ గుంట లోతునూ కొత్తదాని లోతునూ కొలిచి పోల్చండి. కడ్డీ ఎక్కువ పొడుగైతే కప్పు ఆ సన్న రంధ్రాన్ని ఎప్పుడూ మూసే ఉంచుతుంది. కాసేపు నడిచాక ఆయిల్ వేడికి పెరిగి వెనక్కి పోలేక బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి. పొట్టిదైతే పెడల్‌లో ఖాళీ తొక్కు ఎక్కువవుతుంది. మీ మోడల్ మాన్యువల్‌లో కొలత ఉంటుంది, దాన్నే పాటించండి.

పైపు నట్లు ముందు చేత్తో మూడు నాలుగు చుట్లు తిరిగాకే పానా పెట్టండి. తర్వాత నాలుగు చక్రాలకూ ఎయిర్ తీయాలి. మాన్యువల్‌లో వరస ఉంటే అదే, లేకపోతే మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న వెనక చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి రండి. నిపిల్‌కు (చక్రం దగ్గర గాలి తీసే స్క్రూకు) పారదర్శకమైన గొట్టం పెట్టి, కొస సీసాలోని ఆయిల్‌లో ముంచండి. ఒకరు తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు నిపిల్ పావు చుట్టు వదలాలి, పెడల్ పైకి రాకముందే బిగించాలి. కొత్త సిలిండర్ అయినా సరే పెడల్ కింద ఒక చెక్క ముక్క పెట్టి నేలదాకా పోకుండా చూడండి, ఆ అలవాటు మంచిది. మధ్య మధ్య డబ్బా చూసుకోండి. ఒక్కసారి ఖాళీ అయి గాలి పీల్చిందా, మొత్తం మొదటి నుంచి చేయాలి. పాత నల్లటి ఆయిల్ పూర్తిగా పోయి తేటగా వచ్చేదాకా తీస్తే చిన్న కారుకు లీటరు లోపే సరిపోతుంది.

ఆయిల్ విషయంలో రాజీ వద్దు. మూత మీద ఏది రాసి ఉంటే అది, డాట్ 3 లేదా డాట్ 4. రెండూ గ్లైకాల్ రకాలే. డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా, తేమ పీల్చాక 140 దాకా మరగకూడదని ప్రమాణం. డాట్ 4కు అవి 230, 155. డాట్ 5 సిలికాన్ రకం, దాన్ని వీటిలో కలపకూడదు. సీలు తీసి నెలల తరబడి షెల్ఫులో ఉన్న సీసా వాడకండి. ఇంజన్ ఆయిల్, పవర్ స్టీరింగ్ ఆయిల్ చుక్క పడినా రబ్బర్లన్నీ ఉబ్బుతాయి. అలా ఎవరైనా పొరపాటున పోసి ఉంటే మాస్టర్ సిలిండర్ ఒక్కటి మార్చి లాభం లేదు, కాలిపర్ సీళ్ళు, వీల్ సిలిండర్లు, హోసులు అన్నీ మార్చాలి. మూత లోపలి రబ్బరు సాగి, మెత్తబడి, ముడతలు పడి ఉంటే ఈ అనుమానం పెట్టుకోండి. పార్టులు పెట్రోలుతో, డీజిల్‌తో కడగనివ్వకండి, అదీ ఇదే పని చేస్తుంది.

ఘాట్‌లో దిగిపోయే పెడల్ వేరు

తిరుమల నుంచి కిందికి వచ్చే ఘాట్ రోడ్డులోనో, అరకు నుంచి దిగేటప్పుడో బ్రేకు మీదే కాలు పెట్టి వస్తే పెడల్ ఒక్కసారిగా నేలకు పోవడం, కాసేపు ఆపాక మళ్ళీ మామూలవడం జరుగుతుంది. అది తేమ పీల్చిన ఆయిల్ కాలిపర్‌లో మరిగి ఆవిరైనందువల్ల. మాస్టర్ సిలిండర్ మార్చితే పోదు. ఆయిల్ మార్చాలి, దిగేటప్పుడు రెండో గేరులో రావాలి. మీరు రాసినట్టు సిగ్నల్ దగ్గర నిలబడి ఉన్నప్పుడు దిగడానికీ దీనికీ సంబంధం లేదు.

షెడ్డుకు తీసుకెళ్ళడం గురించి కూడా అడిగారు. టో చేయించండి. నడుస్తుండగా ఎప్పుడైనా ఇలా జరిగితే పెడల్‌ను గబగబా కొడుతూ గేర్లు తగ్గించండి, హ్యాండ్ బ్రేకు బటన్ నొక్కి పట్టుకుని మెల్లగా లాగండి. టాండెమ్ సిలిండర్‌లో ఒక కప్పు పూర్తిగా పోయినా రెండో సర్క్యూట్ లోతు తొక్కులో పట్టుకుంటుంది, కాబట్టి పెడల్ కిందికి పోయిందని వదిలేయకుండా గట్టిగా అదిమి ఉంచండి. సింగిల్ సర్క్యూట్ సిలిండర్ ఉన్న పాత అంబాసిడర్లు, ఫియట్లలో ఆ రక్షణ కూడా లేదు. వాటిలో పెడల్ కొద్దిగా దిగినా ఆ రోజే బండి ఆపేయాలి.

పని అయ్యాక మొదట నిలబడి ఉన్న బండిలోనే పైన చెప్పిన రెండు పరీక్షలు, మామూలు తొక్కుతో ఒక నిమిషం, తేలిక తొక్కుతో ఒక నిమిషం, మళ్ళీ చేయండి. తర్వాత ఖాళీ స్థలంలో 20 కి.మీ. వేగంతో నాలుగైదుసార్లు ఆపి చూడండి. మరుసటి రోజు పైపు నట్ల దగ్గర, డబ్బా కింద ఉండే రెండు రబ్బరు బుష్‌ల దగ్గర, సిలిండర్ వెనక టిష్యూ కాగితం అద్ది తడి చూడండి. కొత్తది వేశాక కూడా తేలిక తొక్కులో దిగితే, ఎయిర్ తీయడం మొదలుపెట్టకుండా ముందు అదే ప్లగ్గులు కొత్త సిలిండర్‌కు బిగించి చూడండి. అక్కడా దిగితే బిల్లు పట్టుకుని షాపుకు వెళ్ళి మార్పించుకోండి. నిలబడితే వీల్ సిలిండర్లు, హోసులు ఒక్కొక్కటే చూసుకుంటూ రండి, ఏ సర్క్యూట్ కలిపినప్పుడు దిగిందో ఇక్కడ రాయండి.